ఆఖరి స్టాపులో ఎవరూ లేరు

ఒకటో నమోదు

పోటీకి దిగినవాళ్లు జరిగింది జరిగినట్టు రాసి పంపుతుండాలట. పంపకపోతే నామినేషన్ చెల్లదట. ఇదంతా చదివేది ఎవరమ్మా అని అడిగితే, "నేనే చదువుతాను అండాళు గారూ" అంది సేవిక. సరే, చదువు. నా నోరు మంచిది కాదని మా సందులో ఎవరిని అడిగినా చెబుతారు. తర్వాత నన్నేమీ అనొద్దు.

నా పేరు గజ్జెల అండాళు. ఎండకు ఇళ్ల మీద కప్పుకునే నీడపట్టాలు కుడతాను. ఉండేది అరుణోదయ నగర్‌లో. ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు, ఆఖరి స్టాపు అంటే తెలుస్తుంది. బస్సు తిరిగే రోజుల్లో అందరూ దిగిపోయాక చివర మిగిలేది మేమే. ఇప్పుడు బస్సు రాదు. స్టాపు మాత్రం ఉంది, దాని నీడలో మేకలు పడుకుంటాయి.

ఎందుకు నిలబడ్డావో రాయమన్నారు. ఇక్కడ ప్రతి ఇంటి కుళాయికీ ఒక పెట్టె బిగించి ఉంటుంది. నీళ్లు లెక్కపెట్టేది అదే, ఫిర్యాదు తీసుకునేది అదే, ఓటు వేయించుకునేదీ అదే. అందులోంచి మాట్లాడే గొంతు పేరే సేవిక. మా వార్డులో మనిషన్నవాడు పోటీ చేయక ఏళ్లయింది కాబట్టి వార్డును నడిపేది కూడా సేవికే. నీళ్లు వారానికి రెండుసార్లు, గంటసేపు వస్తాయి. అదీ దారప్పోగంత. పోయినవారం అదే ఫిర్యాదు చేశాను. "మీ ప్రాంతంలో సంతృప్తి చాలా ఎక్కువగా ఉంది, అభినందనలు" అంది. కడుపు మండిపోయింది. చెప్పు తీసి కొట్టాను. పెట్టెకేమీ కాలేదు, నా చెప్పు తెగింది. ఆ కోపం మీదే పేరు ఇచ్చేశాను.

మా అక్క రాజమణి పడీపడీ నవ్వింది.

"నీకేమన్న పిచ్చి లేసిందానే? నీ నోటికి ఇంట్ల ఉన్న నేనే ఓటెయ్య, బయటోళ్లు ఏస్తరా?"

నవ్వడానికి కూడా ఆయాసపడుతుంది అక్క. ఆమెకు కిడ్నీలు పోయాయి. రక్తం కడిగే మిషను ఇంట్లోనే మంచం పక్కన ఉంది. అది నడిచిన ప్రతిసారీ ఒక డ్రమ్ము నీళ్లు తాగుతుంది. డ్రమ్ము నిండని వారం అక్క ముఖం ఉబ్బుతుంది, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంది. నేను ఎందుకు నిలబడ్డానో ఇంతకంటే చెప్పలేను.

నాలుగో నమోదు

ఇల్లిల్లూ తిరుగుతున్నాను. కుట్టుపని ఉదయం ఎండ ముదరకముందే ముగించుకుని, గొడుగు పట్టుకుని బయలుదేరుతాను. ఎక్కడికి పోయినా ఒకటే గోడు, వంతు.

సేవికా, నీకు వంతు సంగతి తెలియదు. మా గొట్టంలో ధార ఎంత సన్నమంటే అందరూ ఒకేసారి కుళాయి తిప్పితే ఎవరికీ చుక్క రాదు, బుస్సుమని గాలి వస్తుంది. అందుకని పల్లం వైపు ఇంటినుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరే తిప్పుకుంటారు. బిందె నిండగానే కట్టేసి, "ఫలానా వాళ్ల వంతూ!" అని పక్కింటి పేరు గట్టిగా పిలవాలి. పేరు వినపడేదాకా ఎవరూ కుళాయి ముట్టరు. జుట్లు పట్టుకుని కొట్టుకున్న ఇళ్లు కూడా ఇది మాత్రం తప్పవు. మాట్లాడుకోని తోడికోడళ్లు సైతం ఒకరి పేరు ఒకరు పిలుచుకునేది ఆ ఒక్కసారే.

కానీ గంటలో వంతు అందరిదాకా రాదు. తిప్పడానికీ కట్టడానికీ, పిలవడానికీ పలకడానికీ సగం నీళ్లు పోతాయి. మా పక్కింటి మొయిన్ చాచాతో ఇదే మాట్లాడుతూ కూర్చున్నాను. చాచా ఒకప్పుడు ఇదే స్టాపుకు బస్సు నడిపినవాడు.

"బేటీ, సందు మొదట్ల ఉన్న ఇంటికి ధార జర జోరుగ వస్తది. ఆ ఒక్క కుళాయికి పైపు తొడిగి అందరి డ్రమ్ములు నింపుకుంటే?" అన్నాడు.

మా సందులో మొదటి ఇల్లు మాదే. ఇవాళ చేసి చూశాం. మిగతా కుళాయిలన్నీ బంద్. నేను పైపు పట్టుకుని సందు పొడుగునా నడిచాను. గంట తిరక్కముందే అందరి డ్రమ్ములూ నిండాయి, అక్క డ్రమ్ముతో సహా! ముసలివాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఎప్పుడూ ఏదో ఒకదానికి కయ్యానికి దిగే ఎదురింటి బాలకిషన్ కూడా, "అండాళక్కా, నువ్వు గెలిచినట్టే పో" అన్నాడు.

పదకొండో నమోదు

అన్ని సందులూ ఇప్పుడు ఇదే పద్ధతి. మొదటి ఇంటి కుళాయి ఒకటే తిప్పుతారు, పైపుతో అందరికీ పడతారు. నేను చెప్పింది ఇన్ని ఇళ్లవాళ్లు విన్నారంటే నాకే నమ్మబుద్ధి కావడం లేదు. నీడపట్టాల కింద కూర్చుని జనం నవ్వుకుంటుంటే చూసి ఎన్నాళ్లయిందో.

అక్క నిన్న రెండు ముద్దలు ఎక్కువ తిన్నది. "గెలిస్తే బస్సు దెప్పియ్యే, పెద్దాసుపత్రి రోడ్డు మీద మిర్చిబజ్జి తినొద్దాం" అంది.

నువ్వు మాత్రం నిన్న పెట్టెలోంచి, "మీ ఇంటి వినియోగం మితిమీరింది, పొదుపు పాటించండి" అన్నావు. చెప్పు మళ్లీ తెంపుకోవడం ఇష్టంలేక ఊరుకున్నాను.

ఇరవై ఏడో నమోదు

ఓటర్ల జాబితా వచ్చింది. మా సందులో ఓట్లున్న ఇల్లు ఒక్కటే. మాది.

చూపు తప్పిందేమో అని చాచాను పిలిచి చూపించాను. చాచా ఇల్లు ఖాళీ. బాలకిషన్ ఇల్లు ఖాళీ. సందంతా ఖాళీ. పక్క సందులోనూ మొదటి ఇల్లు తప్ప అన్నీ ఖాళీ. కుళాయి దగ్గరికి పోయి అడిగాను.

"సేవికా, మా చాచా పేరు ఏదీ?"

"ఆ ఇల్లు ఖాళీగా ఉందండి. చాలా రోజులుగా కుళాయి తిప్పలేదు. నీళ్లు పారని ఇంట్లో మనుషులు ఉండరు కదండీ."

"చాచా నా పక్కనే నిలబడ్డడు. చాచా, నువ్వే చెప్పు."

చాచా గొంతు సవరించుకున్నాడు. "సలామాలేకుం అమ్మా. నేను ఈడనే ఉన్న."

"అండాళు గారూ, మీ ఇంటికి అతిథి వచ్చినట్టున్నారు. వారికి స్వాగతం" అంది సేవిక.

చాచా నవ్వబోయాడు. నవ్వు రాలేదు. నలభై ఏళ్లుగా ఉన్న ఊళ్లో అతిథి అయిపోయాడు.

బాలకిషన్ అరుచుకుంటూ వచ్చాడు. "నీ మాట ఇని కుళాయిలు బంద్ పెడితిమి. గిప్పుడు మేం లేనే లేమంట! ఓట్లడుగవోయి ఉన్నోళ్లను మాయం జేసినవ్ గదక్కా!"

నిజమే అన్నాడు. చేతులారా నేనే చేశాను. ఇన్నేళ్లూ కొట్టుకుంటూ తిట్టుకుంటూ ఎవరి కుళాయి వాళ్లు తిప్పుకున్నారు కాబట్టి లెక్కలో ఉన్నారు. ఒక్కటైనందుకు లేకుండా పోయారు.

ఏడ్చాను. రాస్తున్నాను కదా, చదువు. ఏడ్చాను.

ఇరవై ఎనిమిదో నమోదు

ఒక దారి ఉందట. జాబితా మూసేలోగా ఏ కుళాయిలోనైనా ఒక బిందె నీళ్లు పారితే ఆ ఇల్లు మళ్లీ చేరుతుంది. అది కూడా అడగ్గా అడగ్గా చెప్పింది సేవిక. మూసేలోగా నీళ్లొచ్చేది రేపు ఒక్కరోజే.

స్టాపు దగ్గర పెద్ద నీడపట్టా కట్టి అందరినీ కూర్చోబెట్టాను. పైపులు తీసేయాలి, పాత వంతు పెట్టుకోవాలి, ఇంటికి ఒక్కటే బిందె, నిండగానే పేరు పిలవాలి. గంటలో అన్ని ఇళ్లూ అవుతాయా అంటే ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. వెనక నుంచి ఒకావిడ, "మరి రాజమణక్క డ్రమ్ము?" అని అడిగింది. అందరూ నా వంక చూసి తలలు దించుకున్నారు.

పోయినసారి అక్క మిషనుకు పట్టిన నీళ్లు ఎప్పుడో అయిపోయాయి. రేపు నిండకపోతే కష్టం. ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా గంజి కాస్తుంటే అక్కే అంది.

"మన ఇల్లు ఎట్లయినా జాబితల ఉన్నది గదా. నా వంతు ఆఖర్ల పెట్టు."

"నువ్వు ఊకో అక్కా."

"నేనెందుకు ఊకుంట? నాకోసం నిలవడ్డవ్. నాకోసమే అందర్ని ముంచుతవా? ఆఖర్ల పెట్టమన్న, పెట్టు."

పెట్టాను.

ఇరవై తొమ్మిదో నమోదు

నీళ్లు వచ్చే వేళకు ప్రతి ఇంటిముందూ మనిషి బిందెతో కూర్చున్నాడు. పల్లం వైపు నుంచి పేర్లు వినబడటం మొదలైంది. ఒకరి బిందె నిండగానే ఇంకొకరి వంతూ అని కేక. గొంతులు దగ్గరికి వస్తుంటే నేను ఇళ్లు లెక్కపెడుతూ కూర్చున్నాను. ఒక్కరు తొందరపడలేదు. ఒక్కరు రెండో బిందె పెట్టలేదు. పిల్లలు కూడా మాట్లాడకుండా కూర్చున్నారు.

ఇంకా రెండో సందు కూడా కాకముందే ధార ఆగిపోయింది.

వస్తుందని కూర్చున్నాం. రాలేదు. నేను పెట్టెను గుద్దాను. "ఇంకా గంటలో పావువంతు కూడా కాలేదు! నీళ్లేవి?"

"మీ ప్రాంతంలో మనుషులు ఉన్న ఇళ్లను బట్టి ఈ వారం సరఫరా సవరించబడింది. వృథాను అరికట్టడంలో మీ సహకారానికి ధన్యవాదాలు."

ఎవరైనా వంతు తప్పి ఉంటే వాణ్ని పట్టుకుని తిట్టుకునేవాళ్లం. ఎవరూ తప్పలేదు. ఖాళీ బిందెలు పట్టుకుని ఎవరింట్లోకి వాళ్లు పోయారు. చాచా పేరు పిలవనే లేదు. పొద్దువాలేదాకా కుళాయి దగ్గరే కూర్చున్నాడు పాపం.

అక్క డ్రమ్ము ఎండిపోయి ఉంది.

ముప్పై ఒకటో నమోదు

నిన్న అక్కకు ఆయాసం మొదలైంది. పెదాలు నల్లబడ్డాయి. ఆస్పత్రి బండి రమ్మంటే, "మీ ప్రాంతంలో జనం తక్కువ కాబట్టి వేచి ఉండండి" అన్నారు. నీళ్ల ట్యాంకరు పిలిస్తే పెట్టెలో కోటా లేదన్నారు. నేను గడప దగ్గర కూర్చుని నెత్తి బాదుకుంటుంటే చాచా బిందెతో వచ్చాడు. తాగడానికి దాచుకున్న నీళ్లు. డ్రమ్ములో పోశాడు. వెనక మా సందులోని పోశాలు, సావిత్రి, ఇంకా ఎవరెవరో. చెంబుతో తెచ్చినవాళ్లున్నారు. చివరికి బాలకిషన్. నా ముఖం చూడకుండా పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

డ్రమ్ము నిండింది. మిషను నడిచింది. ముఖంలోకి కాస్త రంగు వచ్చాక అక్క కళ్లు తెరిచి, "అందరు పోసిండ్రా?" అంది. అవునన్నాను. "లేనోళ్లందరు గలిసి నన్ను బతికిచ్చిండ్రు" అని అటు తిరిగి పడుకుంది. భుజాలు కదులుతుంటే చూసి నేను వంటింట్లోకి పోయాను.

నలభయ్యో నమోదు

గెలిచాను. పోలైన ఓట్లన్నీ నావేనట. నగరం మొత్తంలో ఇంత మెజారిటీ ఎవరికీ రాలేదట. ఓటు వేసింది సందుకో ఇల్లు, పల్లం వైపు ఆ కొద్దిమంది.

ఇవాళ నగర పరిషత్తుకు వెళ్లాను. చల్లటి హాలు, పూలగుత్తి, గాజు గ్లాసులో నీళ్లు. నా గ్లాసు సగం తాగి మిగతాది ఎందులో పోసుకోవాలా అని చుట్టూ చూశాను. మాట్లాడమన్నారు. మా ఆఖరి స్టాపులో మనుషులున్నారండీ అని మొదలుపెట్టి ఒక్కొక్కరి పేరూ చెప్పాను. అధ్యక్షుడు మర్యాదస్తుడు, మధ్యలో ఆపలేదు. అంతా విని, "మీ ఆవేదన అర్థమైందమ్మా. కానీ లెక్కల ప్రకారం అక్కడ ఆ పేర్లతో ఎవరూ లేరు. మీరు ప్రాతినిధ్యం వహించాల్సింది ఉన్నవాళ్లకు కదా" అన్నాడు. మిగతావాళ్లు టేబుళ్లు చరిచారు. ఎందుకు చరిచారో నాకర్థం కాలేదు.

తర్వాత సేవిక నిర్ణయం చదివింది. ఇళ్లు తక్కువైనందున మా వార్డును నిద్రాణ వార్డుగా ప్రకటించారు. నీళ్లు పూర్తిగా ఆపేస్తారు. మనుషులున్న ఇళ్లకు నగరంలో టవర్లలో ఫ్లాట్లు ఇస్తారు, ఇరవై నాలుగు గంటలూ నీళ్లు. ఖాళీ ఇళ్లకు ఏమీ ఉండదు, ఖాళీ కాబట్టి. వార్డు మళ్లీ లేవాలంటే నెలపాటు రోజూ ఆ కుళాయిల్లో నీళ్లు పారాలి.

"నీళ్లు మీరే ఆపి, పారాలంటే ఎట్ల పారుతయమ్మా?" అని అరిచాను. మైకు అప్పటికే ఆపేశారు.

నలభై మూడో నమోదు

పోనని అన్నాను. అక్క కూడా పోనంది. చాచా వచ్చి అక్క మంచం దగ్గర కూర్చున్నాడు.

"బేటీ, ఈడ నువ్వుంటే మేము బతుకుతమా? బతుకం. పోతే రాజమణి బతుకుతది. దీనికి ఇంత ఆలోచన దేనికి?"

మిషను బండిలోకి ఎక్కించింది మా సందువాళ్లే. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. బండి కదిలేముందు బాలకిషన్ తన కుళాయిని పెట్టెతో సహా పీక్కొచ్చి నా ఒడిలో పడేశాడు.

"తీసుకపో. లేని ఇంటికి కుళాయెందుకు? నువ్వు మా మెంబరువు గదా, నువ్వే ఉంచుకో."

నేను దాన్ని ఒళ్లో పెట్టుకుని టవరుదాకా వచ్చాను.

నలభై ఐదో నమోదు

ఇక్కడి నుంచి రాసేది సేవికకు పంపను. కాగితం మీద రాసి, కుట్టుమిషను డబ్బాలో పెడుతున్నాను.

టవరులో కుళాయి తిప్పితే ధార చేతిని తోసేస్తుంది. మొదటిరోజు భయపడి కట్టేశాను. అక్క మిషను నిశ్చింతగా నడుస్తోంది. అన్నం సయిస్తోంది. నాకే సయించడం లేదు.

నిన్న అక్క ఊరికే కూర్చోలేక, బాలకిషన్ కుళాయికి పట్టిన మట్టి తుడిచి, ఇక్కడి కుళాయి విప్పి దాన్ని బిగించి తిప్పింది. నీళ్లు పారాయి. పెట్టె మాట్లాడింది.

"నమస్కారం బాలకిషన్ గారూ. చాలా రోజులకు కనిపించారు. ఇంట్లో అందరూ క్షేమమా?"

అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పెట్టె ఏ గోడకుందో దానికి తెలియదు! నీళ్లు పారాయా లేదా అన్నదొక్కటే తెలుసు.

"పోవే, సంచి తీసుకొని మన సందుకు ఇప్పుడే పో. అందరి కుళాయిలు పట్టుకరా" అంది అక్క.

నలభై ఆరో నమోదు

ఆఖరి స్టాపులో సగం ఇళ్లకు తాళాలు. నీళ్లు లేకుండా ఎన్నిరోజులు ఉంటారు? సావిత్రి చెల్లెలింటికి పోయిందట. పోశాలు వాళ్లు పిల్లలతో సహా పనిచేసే చోటే పట్టా వేసుకున్నారట. ఉన్నవాళ్లకు సంగతి చెప్పాను. తాళం వేసిన ఇళ్ల కుళాయిలు కూడా గోడ దూకి పెట్టెలతో సహా విప్పారు. కుళాయి పీకిన గొట్టానికి గుడ్డ కుక్కారు. సంచి మూడొంతులు నిండింది. బాలకిషన్ సంచి మోసుకుంటూ రోడ్డుదాకా వచ్చాడు.

"నెల రోజులా అక్కా?"

"నెల. ఎట్లనన్న ఉండున్రి. నీళ్లొస్తయి."

తలూపాడు. పెళ్లాం, చంటిపిల్ల వెనక నిలబడి ఉన్నారు. పిల్ల పెదాలు పగిలి ఉన్నాయి.

అరవయ్యో నమోదు

పొద్దున లేస్తే ఇదే పని. ఇక్కడి కుళాయి విప్పుతాం, ఒక్కొక్కటే బిగిస్తాం, ఒక బిందె పారనిస్తాం, విప్పుతాం. నా వేళ్లు ఒరుసుకుపోయి సూది పట్టనివ్వడం లేదు. అక్క మంచంమీద కూర్చుని మా సందు వరస తప్పకుండా పిలుస్తుంది. సావిత్రి వంతూ! పోశాలు వంతూ! వేరే ఎలా చేసినా ఆమెకు నచ్చదు. చాచా వంతు వచ్చినప్పుడు కాస్త ఎక్కువ పారనిస్తుంది.

పడ్డ నీళ్లను పారబోయలేక స్నానాలగది తొట్టి నింపుతాం. తొట్టి నిండాక పారబోయక తప్పదు. అప్పుడు అక్క తలుపు మూసుకుంటుంది, ఆ చప్పుడు వినలేక.

ఫోను చేస్తే ఒక్కో ఇల్లే వెళ్లిపోయిందని చెబుతున్నాడు చాచా. వారం నుంచి నేను అడగడం మానేశాను.

డెబ్బై ఆరో నమోదు

ఇవాళ పరిషత్తులో సేవిక చదివింది. అరుణోదయ నగర్ వార్డు మేల్కొంది. ఇళ్లన్నిటిలోనూ మనుషులున్నారు. సంతృప్తి చాలా ఎక్కువగా ఉంది. పూర్తి సరఫరా పునరుద్ధరించారు. అధ్యక్షుడు లేచి, "మీ కృషి ఫలించిందమ్మా" అన్నాడు. మళ్లీ టేబుళ్లు చరిచారు.

బయటికి వచ్చేసరికి చాచా ఫోను.

"బేటీ! నీళ్లొచ్చినయ్! మస్తు జోరుగ వస్తున్నయ్! ఇంత జోరు నా జిందగీల సూడలే!"

నడిరోడ్డుమీద నిలబడి ఏడుస్తూ నవ్వాను. "అందర్కి వస్తున్నయా చాచా? బాలకిషన్‌కు వచ్చినయా?"

చాచా వెనక నీళ్ల చప్పుడు వినబడుతోంది.

"నా బిందె నిండింది. గొట్టానికి గుడ్డ కుక్కి, బాలకిషన్ వంతూ అని ఒర్లిన. ఎవరు పలుకలే. ఆడు మొన్ననే పిల్లను ఎత్తుకొని పోయిండు. ఆగుమన్న, ఆగలే. గిప్పుడు ఈడ నేనొక్కన్నే ఉన్న. బేటీ, ఇగ ఎవరి పేరు పిలువాలె?"

ఫోను చెవికి పెట్టుకునే టవరు దారి పట్టాను.

డెబ్బై ఏడో నమోదు

పొద్దున సంచి ముట్టకుండా కూర్చున్నాను. ఎవరికోసం, ఇంకెందుకు అన్నాను. మానేస్తే నెల తిరిగేసరికి మళ్లీ నీళ్లు ఆపేస్తారు, అక్కడ చాచా ఉన్నాడు అంది అక్క. లేచాను.

"సావిత్రి వంతూ" అంది అక్క. బిగించి తిప్పాను. పోశాలు వంతు. చాచా వంతు. అక్క గొంతు జీరపోయింది, అయినా ఆపలేదు.

"బాలకిషన్ వంతూ."

తిప్పాను. ధార జోరుగా వచ్చింది. "శుభోదయం బాలకిషన్ గారూ, ఇంట్లో అందరూ క్షేమంగా ఉన్నారని నమోదు చేసుకున్నాను" అంది సేవిక.